బడికెళ్లే బాటే బొమ్మైతే

పల్లె దృశ్యం గీయాలనుకోగానే చాలామంది కొత్త చోటు వెతుక్కుంటారు. కొండో, జలపాతమో కావాలంటారు. రోజూ నడిచే బాటలో గీయడానికి ఏముంటుందని అడుగుతారు. ఇంగ్లండ్ చిత్రకారుడు జాన్ కానిస్టేబుల్ (1776–1837) బొమ్మలు చూస్తే ఆ మాట నిలవదు. ఆయన దేశం దాటి వెళ్లనే లేదు. సొంత ఊరు సఫోక్‌లోని ఈస్ట్ బెర్గోల్ట్. చిన్నప్పుడు స్టూర్ నది అవతల డెడమ్‌లోని బడికి ఫెన్ లేన్ అనే బాట వెంట నడిచి వెళ్లేవాడు. 1826లో ఆయన గీసిన ‘ద కార్న్‌ఫీల్డ్’లో ఉన్నది ఆ బాటే.

విచిత్రమేమిటంటే, ఆ బొమ్మ తయారైంది లండన్ చిత్రశాలలో. ఎదురుగా పొలం లేదు, వేసవీ కాదు. అయినా ఎర్ర వెయిస్ట్‌కోటు కుర్రాడు గొర్రెల్ని కుక్కకొదిలేసి, బోర్లా పడుకుని వాగునీళ్లు తాగుతుంటే ఆ చల్లదనం మనకు తెలుస్తుంది. ఎడమవైపు ఎండిన చెట్టు, ఎదురుగా విరిగిన గేటు, దాని వెనక పండిన చేను. జులైలో అక్కడ పూసే మొక్కలేమిటో వృక్షశాస్త్రజ్ఞుడు హెన్రీ ఫిలిప్స్ ఉత్తరం రాసి చెప్పాడు. కానిస్టేబుల్‌కు అంత పట్టింపు. హాంప్‌స్టెడ్‌లో 1821, 1822ల్లో గీసిన మబ్బుల బొమ్మల వెనక తేదీ, వేళ, గాలివాటం కూడా రాసుకున్న మనిషాయన.

అలాంటివాడు అదే బొమ్మలో దూరంగా ఒక చర్చి గోపురం పెట్టాడు. ఫెన్ లేన్ నుంచి చూస్తే అక్కడ ఏ చర్చీ కనబడదు. మరి ఇది అబద్ధం కాదా? కాదనే నా అభిప్రాయం. ఒకసారి చూసి వెళ్లినవాడికి కంటబడిందంతా ఒకే విలువ, దేన్ని కదిపినా భయమే. ఏళ్ల తరబడి నడిచినవాడికి ఏది జరిపితే బాట చెడదో, ఏది తప్పితే చెడుతుందో తెలుస్తుంది. చూపు ఆగడానికి దూరంగా ఒక గోపురం కావాలి, పెట్టాడు. గట్టు మీద కాలానికి రాని పువ్వు పెట్టి ఉంటే మాత్రం ఆ ఊరివాళ్లు ఇట్టే పట్టేసేవాళ్లు.

ఇంకో అభ్యంతరం ఇంతకన్నా బరువైనది. 1822లో తూర్పు ఇంగ్లండ్‌లో కూలీలు పనుల్లేక నూర్పిడి యంత్రాలు పగలగొట్టారు. ఆ ఆకలి ఈ బొమ్మలో ఏది? లేదు. కానిస్టేబుల్ తండ్రి నీటి మరల యజమాని, ఆ ఇంటి కుర్రాడి కళ్లకు కనిపించిన బాట ఇది. దాన్ని దాచనక్కర్లేదు. నడక నేర్పేది నడిచినవాడికి తెలిసిన మేరకే. అదే బాటలో పొద్దున్నే కొడవలి పట్టుకుని వెళ్లిన మనిషి గీస్తే చెట్లూ వాగూ అవే ఉండేవి, చేను మాత్రం ఇంత నిమ్మళంగా ఉండేది కాదు.