ట్రావెల్ ట్రైలర్‌లో కరెంట్ పోయిందా? లైట్లు వెలుగుతున్నాయి కదా అని మోసపోకండి!

ఈసారి ఫోన్ రివ్యూ కాదు. చక్రాల మీద ఉండే ఇంట్లో కరెంట్ పోతే ఎక్కడి నుంచి వెతకాలో చెప్తా. ఇది నేను ఒక రాత్రంతా తప్పుగా వెతికి, పొద్దున్నే నేర్చుకున్న పాఠం.

నేను డల్లాస్‌లో సాఫ్ట్‌వేర్ ఇంజనీర్‌ని. పోయిన వేసవిలో అమ్మానాన్న ఇండియా నుంచి వచ్చారు. పాలో డ్యూరో కాన్యన్ చూపిద్దామని ట్రావెల్ ట్రైలర్ ఒకటి రెంట్‌కి తీసుకున్నా. పికప్ ట్రక్ వెనక తగిలించి లాక్కెళ్లే ఇల్లు ఇది. మంచాలు, కిచెన్, బాత్రూమ్, ఫ్రిజ్, ఏసీ అన్నీ ఉంటాయి, ఇంజిన్ మాత్రం ఉండదు. ఆర్‌వీ పార్క్‌లో ఆపి, అక్కడి కరెంట్ స్తంభానికి (దీన్నే పెడెస్టల్ అంటారు) ప్లగ్ పెట్టుకోవాలి.

రాత్రి 2 గంటలకి ఏసీ ఆగిపోయింది. నాన్న లేచి, "ఏరా, కరెంట్ పోయిందా?" అన్నారు. స్విచ్ వేశా, లైట్ వెలిగింది. పైకప్పు ఫ్యాన్ కూడా తిరిగింది. "కరెంట్ ఉంది నాన్నా, ఏసీకే ఏదో అయ్యింది" అని చెప్పి, థర్మోస్టాట్ సెట్టింగ్స్‌తో అరగంట కుస్తీ పట్టా. లాభం లేక కిటికీలు తెరిచి పడుకున్నా.

పొద్దున 6 గంటలకి లైట్లు మినుకు మినుకుమంటున్నాయి. ఫ్రిజ్ ప్యానెల్ మీద ఒక్క లైటూ లేదు. ఆ ఫ్రిజ్‌లో నాన్న ఇన్సులిన్ పెన్‌లు ఉన్నాయి. బయట ఎండ 38 డిగ్రీలు దాటే సీజన్. అప్పుడు నిజంగా భయం వేసింది.

అసలు సంగతి: ట్రైలర్‌లో కరెంట్ రెండు రకాలు

నేను చేసిన తప్పు ఇదే. ఇంట్లో లైట్ వెలిగితే కరెంట్ ఉన్నట్టే. ట్రైలర్‌లో అలా కాదు.

* 120 వోల్ట్ లైన్: పెడెస్టల్ నుంచి వస్తుంది. ఏసీ, మైక్రోవేవ్, గోడ సాకెట్లు, వాటర్ హీటర్ ఎలక్ట్రిక్ మోడ్ దీని మీద నడుస్తాయి.
* 12 వోల్ట్ లైన్: బ్యాటరీ నుంచి వస్తుంది. లైట్లు, పైకప్పు ఫ్యాన్, నీళ్ల పంప్, ఫర్నేస్ బ్లోయర్, ఫ్రిజ్ కంట్రోల్ బోర్డ్ దీని మీద నడుస్తాయి.

ఈ రెండింటి మధ్య కన్వర్టర్ అనే బాక్స్ ఉంటుంది. ఫోన్ చార్జర్ లాంటిదే అనుకోండి. 120 వోల్టులు తీసుకుని 12 వోల్ట్ సామాన్లని నడుపుతూ, బ్యాటరీని చార్జ్ చేస్తుంది. పెడెస్టల్ కరెంట్ పోతే చార్జింగ్ ఆగిపోతుంది, కానీ లైట్లు బ్యాటరీ మీద వెలుగుతూనే ఉంటాయి. చార్జర్ తీసేసిన ల్యాప్‌టాప్ లాగన్నమాట. నేను రాత్రంతా చూసింది బ్యాటరీ అయిపోవడమే.

మరి ఫ్రిజ్? మా ట్రైలర్‌లోది గ్యాస్ మీద కూడా పనిచేసే రకం. 120 వోల్టులు పోగానే ఆటో మోడ్‌లో ప్రొపేన్‌కి మారిపోయింది. కానీ గ్యాస్ మీద నడవాలన్నా కంట్రోల్ బోర్డుకి 12 వోల్టులు కావాల్సిందే. పాత బ్యాటరీ, పైగా ఫ్యాన్ రాత్రంతా ఆన్. సిలిండర్ నిండా గ్యాస్ ఉన్నా ఫ్రిజ్ ఆగిపోయింది.

"పక్కవాళ్లకి ఉందేమో చూడరా ముందు"

నేను ఫ్యూజ్ బాక్స్ మూత విప్పుతుంటే నాన్న అన్న మాట ఇది. మన ఊళ్లో కరెంట్ పోతే అందరం మొదట చేసే పని అదే కదా! చూస్తే పక్క ట్రైలర్ ఏసీ హాయిగా తిరుగుతోంది. అంటే పార్క్ మొత్తానికి కరెంట్ ఉంది, సమస్య మా పెడెస్టల్‌కీ మా బ్యాటరీకీ మధ్యలో ఎక్కడో ఉంది. ఒక్క చూపుతో సగం పని అయిపోయింది. డీబగ్గింగ్‌లో మనం చేసేదీ ఇదే, సోర్స్ నుంచి మొదలుపెట్టి ఒక్కో అడుగు ముందుకు రావడం.

ఈ వరుసలో చెక్ చేయండి

1. ఏది పోయిందో తేల్చుకోండి. మైక్రోవేవ్ గడియారం వెలగట్లేదు, లైట్లు వెలుగుతున్నాయి అంటే 120 వోల్ట్ సమస్య. ఏసీ నడుస్తోంది, లైట్లు లేవు అంటే 12 వోల్ట్ సమస్య.

2. పెడెస్టల్ బ్రేకర్. ట్రిప్ అయిన బ్రేకర్ చాలాసార్లు మధ్యలో ఆగుతుంది, చూడ్డానికి ఆన్‌లో ఉన్నట్టే కనిపిస్తుంది. ముందు ట్రైలర్‌లో పెద్ద లోడ్లన్నీ ఆపేయండి. తర్వాత బ్రేకర్‌ని పూర్తిగా ఆఫ్ చేసి, మళ్లీ ఆన్ చేయండి. వెంటనే మళ్లీ పడిపోతే బలవంతం చేయొద్దు.

3. ప్లగ్, కేబుల్. బ్రేకర్ ఆఫ్ చేశాకే ప్లగ్ పీకండి. పిన్నులు నల్లబడ్డాయా, ప్లాస్టిక్ కరిగిందా చూడండి. మా దొంగ ఇక్కడే దొరికాడు. ఒక పిన్ను మాడిపోయి ఉంది, పెడెస్టల్ సాకెట్ వదులుగా ఉంది. వదులు కాంటాక్ట్ దగ్గర వేడి పుడుతుంది. ఆ వేడికి పక్కనే ఉన్న బ్రేకర్ తక్కువ లోడ్‌కే ట్రిప్ అవ్వొచ్చు.

4. సర్జ్ ప్రొటెక్టర్ ఉంటే దాని డిస్‌ప్లే. మంచి మోడల్స్ వోల్టేజ్ బాగా పడిపోతే వాటంతట అవే లైన్ కట్ చేస్తాయి. మధ్యాహ్నం పార్క్‌లో అందరి ఏసీలు ఆన్ అయినప్పుడు ఇది మామూలే. 105 కంటే తగ్గితే ఏసీ నడపకండి, కంప్రెసర్ పాడవుతుంది.

5. ట్రైలర్ లోపలి ప్యానెల్. మెయిన్ బ్రేకర్, తర్వాత చిన్న బ్రేకర్లు. వీటినీ పూర్తిగా ఆఫ్ చేసి ఆన్ చేయాలి.

6. కొన్ని సాకెట్లే పనిచేయట్లేదా? బాత్రూమ్‌లోనో కిచెన్‌లోనో టెస్ట్, రీసెట్ బటన్లున్న సాకెట్ ఉంటుంది. దీన్ని జీఎఫ్‌సీఐ అంటారు. అది ట్రిప్ అయితే దాని తర్వాత ఉన్న సాకెట్లన్నీ పోతాయి, బయట ఉన్నది కూడా. రీసెట్ నొక్కితే చాలు.

7. 12 వోల్ట్ వైపు. బ్యాటరీ డిస్‌కనెక్ట్ స్విచ్ పొరపాటున ఆఫ్ అయ్యిందా? కార్ ఫ్యూజ్‌ల లాంటివి ప్యానెల్‌లో ఉంటాయి, ఏదైనా కాలిందా? బ్యాటరీ టెర్మినల్స్ మీద మల్టీమీటర్ పెట్టండి. లెడ్ యాసిడ్ బ్యాటరీకి లోడ్ లేనప్పుడు 12.6 ఉంటే ఫుల్, 12.2 దగ్గర సగం, 12 కంటే తక్కువ ఉంటే దాదాపు ఖాళీ. పెడెస్టల్‌కి ప్లగ్ పెట్టాక 13 పైన చూపిస్తే కన్వర్టర్ పనిచేస్తున్నట్టు. మాది పొద్దున 10.6 చూపించింది.

30 యాంప్ అంటే ఎంత?

చిన్న ట్రైలర్లకి ఎక్కువగా 30 యాంప్ ప్లగ్ ఉంటుంది. 120 వోల్టులు × 30 యాంప్‌లు = 3600 వాట్లు. పెద్దగా అనిపిస్తోందా? మన ఇంట్లో గీజర్ పెట్టే 16 యాంప్ సాకెట్ ఒక్కటే 230 వోల్టుల మీద 3680 వాట్లు ఇస్తుంది. అంటే ట్రైలర్ మొత్తానికి దొరికేది మన ఇంట్లో ఒక్క గీజర్ సాకెట్ అంత!

ఇప్పుడు లెక్క చూడండి. ఏసీ సుమారు 1500, మైక్రోవేవ్ 1500, వాటర్ హీటర్ 1400. మూడూ కలిపి 4400 వాట్లు. మేము వచ్చిన సాయంత్రమే ఇలా ఒకసారి బ్రేకర్ పడింది, రీసెట్ చేసి మర్చిపోయా. పైగా రాత్రంతా ఏసీ, హీటర్ రెండూ ఆన్‌లో వదిలేశా. వదులు సాకెట్‌కి ఆ లోడ్ చాలు. హీటర్‌ని గ్యాస్‌కి మార్చి ఉంటే ఈ రాత్రి తప్పేదేమో.

ఇక్కడ మాత్రం ఆగిపోండి

ట్రైలర్ మెటల్ బాడీ ముట్టుకుంటే జిల్లుమంటే, ఇంకేం ఆలోచించకుండా దూరం జరగండి. లోపల ఉన్నవాళ్లని బయటికి అడుగు పెట్టొద్దని చెప్పండి. పెడెస్టల్ దగ్గరికి వెళ్లగలిగితే బ్రేకర్ ఆఫ్ చేసి, పార్క్ ఆఫీస్‌కి చెప్పండి. ప్రాణం తీసే ఎర్తింగ్ సమస్య అది. పెడెస్టల్ మూత మీరు విప్పకండి. మాడిన ప్లగ్‌ని "ఇంకొక్క రాత్రే కదా" అని వాడకండి. బ్రేకర్ ఎక్కువ యాంప్‌లది పెడితే ట్రిప్ అవ్వదు కదా అనే తెలివి అసలు వద్దు, వైర్ కాలుతుంది.

బ్యాగ్‌లో ఉండాల్సిన గాడ్జెట్స్

ఒక మామూలు మల్టీమీటర్, మూడు లైట్ల సాకెట్ టెస్టర్, వోల్టేజ్ చూపించే 30 యాంప్ సర్జ్ ప్రొటెక్టర్, కొన్ని స్పేర్ ఫ్యూజ్‌లు. సర్జ్ ప్రొటెక్టర్ కొంచెం ఖరీదే, కానీ ఏసీ రిపేర్ ఖర్చు ముందు తక్కువే.

మరి ఇన్సులిన్?

నేను ప్లగ్‌తో కుస్తీ పడుతుంటే అమ్మ పెన్‌లని టవల్‌లో చుట్టి ఐస్ బాక్స్‌లో పెట్టింది. నేరుగా ఐస్‌కి తగిలితే ఇన్సులిన్ గడ్డకట్టి పనికిరాకుండా పోతుందని ఆవిడకి తెలుసు. ఫ్రిజ్‌లో అప్పటికి ఇంకా చల్లదనం ఉంది. ఫార్మసిస్ట్‌కి ఫోన్ చేసి ఎంతసేపు ఎలా ఉందో చెప్తే, వాడుకోవచ్చన్నారు. పార్క్‌వాళ్లు వేరే సైట్ ఇచ్చారు. ట్రైలర్ ఓనర్‌ని అడిగి, కొత్త 30 యాంప్ ప్లగ్ కొని వేయించాం. మధ్యాహ్నానికి ఏసీ మళ్లీ తిరిగింది.

సాయంత్రం కాన్యన్ చూస్తూ నాన్న, "నాలుగేళ్ల బీటెక్‌లో పక్కింటి వైపు చూడమని చెప్పలేదా రా?" అన్నారు. చెప్పలేదు నాన్నా. అందుకే ఇప్పుడు ట్రైలర్‌లో ఏసీ ఆగితే నేను లైట్ స్విచ్ వేయను, మైక్రోవేవ్ గడియారం వైపు చూస్తా. మీరూ అదే చేయండి.