ట్రంకుపెట్టెల్లో కువైట్ గొంతులు

కదిరి చుట్టుపక్కల పల్లెల్లో పాత ట్రంకుపెట్టె తెరిస్తే, పెళ్లినాటి చీర కింద నాలుగైదు క్యాసెట్లు కనబడే ఇళ్లు ఇప్పటికీ ఉన్నాయి. వాటిలో సినిమా పాటలుంటాయి, హరికథలుంటాయి, నాటక పద్యాలుంటాయి. కొన్ని మాత్రం అంగట్లో కొన్నవి కావు. కువైట్ నుంచి నోటిమాటగా వచ్చిన ఉత్తరాలు.

ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూగా వాన పడే సీమ ఇది. అదీ వేళకు పడదు. శెనక్కాయ పంట ఎండిన ఏళ్లలో కదిరి ప్రాంతం నుంచి, పక్కనే ఉన్న రాయచోటి, రాజంపేట వైపు నుంచి ఎంతోమంది గల్ఫ్ దారి పట్టారు. (కదిరి అప్పుడు అనంతపురం జిల్లాలోది. 2022 ఏప్రిల్ నుంచి శ్రీ సత్యసాయి జిల్లాలో ఉంది.) సెలవుకు ఊరొచ్చినవారు తెచ్చిన సామాన్లలో ముందుగా అందరి కళ్లూ పడేది టూ ఇన్ వన్ మీదే. రేడియో, టేపురికార్డరు కలిసిన పెట్టె అది. పైన మోసే పిడి, ముందు జల్లెడలాంటి స్పీకరు, కింద పియానో మెట్లలా వరసగా మీటలు. ఎర్ర చుక్క ఉన్న మీటనూ ప్లే మీటనూ కలిపి నొక్కితే చాలు, ఎదుట కూర్చున్నవారి మాట రీలుకెక్కేది.

చదువురాని ఇల్లాలికి మగని ఉత్తరం వస్తే ఎవరో ఒకరు చదివి పెట్టాలి. సంసారం సంగతులన్నీ వారి చెవిన పడాలి. క్యాసెట్టు ఆ మొహమాటాన్ని తప్పించింది. సెలవుకొచ్చే స్నేహితుని చేతిలో క్యాసెట్టు పెడితే, నెల తర్వాత అదే క్యాసెట్టు మీద బిడ్డ తొలి పలుకులు ఎక్కి తిరిగి వెళ్లేవి.

ఈ చిన్న డబ్బా పుట్టింది యూరప్‌లో. అంతకుముందు టేపురికార్డరు అంటే పళ్లెమంత చక్రాలున్న బరువైన యంత్రం. రీలును చేత్తో ఎక్కించాలి. ఫిలిప్స్ కంపెనీలో లూ ఓటెన్స్ అనే డచ్చి ఇంజనీరు, కోటు జేబులో పట్టే చెక్కముక్క ఒకటి చేయించుకుని, యంత్రం దానికి మించకూడదని పట్టుబట్టాడు. 1963లో బెర్లిన్ రేడియో ప్రదర్శనలో క్యాసెట్టు లోకానికి కనిపించింది. నాలుగు మిల్లీమీటర్లకు కాస్త తక్కువ వెడల్పున్న రీలు, సెకనుకు 4.76 సెంటీమీటర్ల వేగం. ఏ కంపెనీ యంత్రంలోనైనా ఏ కంపెనీ క్యాసెట్టయినా ఆడాలన్నది ఒప్పందం. జపానులో కొన్న యంత్రం, కువైట్‌లో నింపిన క్యాసెట్టు, కదిరి పల్లెలో కూర్చుని వినడం సాధ్యమైంది అందుకే.

పెట్టె ఎంత ఉండాలన్నది సెల్లులు కూడా నిర్ణయించాయి. రీలు తిప్పే మోటారుకూ, స్పీకరుకూ శక్తి కావాలి కనుక టూ ఇన్ వన్ వెనక నాలుగో ఆరో లావు సెల్లులు పట్టేవి. కరెంటు లేని పల్లెల్లో అది చిన్న ఖర్చు కాదు. సెల్లులు నీరసిస్తే మోటారు మందగించి, పాడే ఆడమనిషి గొంతు మగగొంతులా బరువెక్కేది. అప్పుడు సెల్లులు తీసి మిద్దె మీద ఎండలో పెట్టేవారు. వేడికి లోపలి రసాయనాలు కాస్త చురుకై ఇంకో రెండు పాటలు ఆడేవి. ఎండకు మాత్రం ఈ సీమలో కరువు లేదు కదా!

1979 జులై 1న జపానులో సోనీ కంపెనీ వాక్‌మన్‌ను విడుదల చేసింది. స్పీకరు తీసేసింది, రికార్డింగు కూడా తీసేసింది. మిగిలింది 390 గ్రాములు, రెండు సన్న సెల్లులు, చెవులకు పెట్టుకునే హెడ్‌ఫోను. ఒక్కరే వినడం మర్యాద కాదేమోనని కంపెనీ పెద్ద అకియో మోరిటా అనుమానించడంతో, మొదటి మోడలుకు రెండు హెడ్‌ఫోన్లు తగిలించే వీలు పెట్టారు. నారింజరంగు మీట నొక్కితే పాట తగ్గి, వినే ఇద్దరూ మాట్లాడుకోవచ్చు. కొన్నవారు ఒంటరిగానే విన్నారు. తర్వాతి మోడళ్లలో ఆ మీట పోయింది. 1983 నాటికి యంత్రం క్యాసెట్టు పెట్టుకునే డబ్బా అంతకు చిక్కింది.

మన పల్లెల్లో మాత్రం టూ ఇన్ వన్‌దే పెత్తనం. అరుగు మీద పెట్టి హరికథ వేస్తే వీధంతా వినాలి. చెవిలో ఒక్కరికే వినిపించే యంత్రం ఎవరికి కావాలి? కువైట్ క్యాసెట్టు వచ్చిన రాత్రి తలుపేసి, గొంతు తగ్గించి, స్పీకరుకు చెవి ఆనించి విన్న ఇల్లాలికి తప్ప.

జపానులో క్యాసెట్టు వాక్‌మన్ తయారీ 2010లో ఆగింది. ఇళ్లలోని టూ ఇన్ వన్‌లు చాలావరకు మూలపడ్డాయి. లోపలి రబ్బరు బెల్టు సాగిపోతుంది, లేదా జిగురులా కరుగుతుంది. ఇక క్యాసెట్ల సంగతి. కొన్ని గొంతులు ఏనాడో పోయాయి. వెనక అంచున ఉండే రెండు చిన్న రెక్కలు విరిచేస్తే దాని మీద మళ్లీ రికార్డింగు ఎక్కదు. అది తెలియక నాన్న మాటల మీదే కొత్త సినిమా పాటలు ఎక్కించిన పిల్లలున్నారు.

ఉన్నవాటిని ఇప్పుడైనా ఫోనులోకి ఎక్కించుకోవచ్చు. ముందు రెక్కలు విరవాలి. మూలనున్న యంత్రంలో నేరుగా పెట్టకూడదు. స్పిరిటు అద్దిన దూదితో హెడ్డు తుడిచి, పోయినా బాధలేని పాటల క్యాసెట్టు ఒకటి ఆడించి చూడాలి. అది రీలు మింగకుండా ఉంటేనే అసలుది పెట్టాలి. ఏళ్లుగా కదలని రీలును మొదట పెన్సిలుతో మెల్లగా నాలుగు చుట్లు తిప్పాలి. తెల్ల బూజు కనిపిస్తే ఆడించకుండా తెలిసినవారికి చూపాలి. డబ్బా పగిలితే మరలున్న ఇంకో డబ్బాలోకి రీలు మార్చవచ్చు. హెడ్‌ఫోను రంధ్రం నుంచి వైరు కలిపి ఎక్కిస్తే మాట స్పష్టంగా వస్తుంది. స్పీకరు ముందు ఫోను పెడితే ఫ్యాను చప్పుడూ దాంతోపాటే ఎక్కుతుంది.

వినేటప్పుడు ఇంట్లోని పెద్దామెను పక్కన కూర్చోబెట్టుకోవాలి. మాట్లాడేది ఎవరు, ఏ ఏడాది, వెనక నవ్విన స్నేహితుడు ఏ ఊరివాడు అన్నది క్యాసెట్టు మీద రాసి ఉండదు, ఆమెకే తెలుసు.