వడ్రంగి సంచీ – వంటిల్లు

మీ వీధిలో వడ్రంగి పని జరుగుతున్నప్పుడు అతని సంచీలో ఏమేమి ఉన్నాయో ఎప్పుడైనా పరిశీలించారా? బాడిస, ఉలి, చిత్రిక, రంపం, ఆకురాయి ఉంటాయి. ఇక మీ వంటింట్లోకి వెళ్ళి చూడండి. కత్తిపీట, కొబ్బరి కోరాము, తురుముపీట, రొట్టె కోసే పళ్ళ కత్తి కనిపిస్తాయి. ఈ రెండింటికీ దగ్గర చుట్టరికం ఉందంటే మీకు ఆశ్చర్యం కలగవచ్చు. ఆ చుట్టరికమేమిటో, దానికి హద్దు ఎక్కడో తెలుసుకుందాం.

పదునులోని రహస్యం

ముందుగా చిన్న లెక్క వేద్దాం. పీడనమంటే బలాన్ని వైశాల్యంతో భాగిస్తే వచ్చేదని మీరు చదువుకున్నారు. బొటనవేలితో వంకాయను 20 న్యూటన్ల బలంతో నొక్కారనుకోండి. వేలు ఆనిన చోటు సుమారు 2 చదరపు సెంటీమీటర్లు, అంటే 200 చదరపు మిల్లీమీటర్లు. వంకాయ తెగదు. అదే బలంతో దానిని కత్తిపీట మీద నొక్కండి. కత్తి అంచు మందం మిల్లీమీటరులో నూరోవంతు, ఆనిన పొడవు 50 మిల్లీమీటర్లు అనుకుంటే వైశాల్యం అర చదరపు మిల్లీమీటరే. పీడనం 400 రెట్లు పెరిగింది! వంకాయ రెండు చెక్కలవుతుంది. టేకును చెక్కే ఉలికైనా, వంకాయను తరిగే కత్తిపీటకైనా సూత్రం ఇదే.

మన గోదావరి జిల్లాలలో పనసపొట్టు కూర తెలియనివారు అరుదు. బజారులో లేత పనసకాయను పొట్టు కొట్టేవారిని గమనించండి. జిగురు అంటకుండా నూనె రాసుకుని, బరువైన కత్తితో టకటకమని కొడతారు. వడ్రంగి బాడిసతో దుంగను చెక్కేదీ ఇలాగే. బరువైన పనిముట్టు వేగంగా దిగినప్పుడు దానిలోని గతిజశక్తి పదునైన అంచు ద్వారా పీచును తెంపుతుంది. మన భాష కూడా ఈ పోలికను పట్టుకున్నది చూడండి: అక్కడ రంపపు పొట్టు, ఇక్కడ పనసపొట్టు!

తిరగేసిన చిత్రిక

వడ్రంగి చెక్కను కదలకుండా ఉంచి, దాని మీద చిత్రికను నడుపుతాడు. చిత్రిక అడుగున సన్నని సందులోంచి కత్తి అంచు కొద్దిగా బయటికి వస్తుంది. ఎంత బయటికి వస్తే పొర అంత మందం. ఇదే చిత్రికను తిరగేసి, దానిని కదలనీయకుండా వస్తువును దాని మీద నడిపితే? ఐసు గోలా బండ్లవారు కొందరు చేసేది ఇదే. కత్తి బిగించిన చెక్కపీట మీద ఐసుగడ్డను రుద్దితే తెల్లని తురుము రాలుతుంది. జపానువారు చేపను పొగబెట్టి, కర్రలాగా గట్టిపడేదాకా ఎండబెట్టి ‘కత్సువోబుషి’ అంటారు. దానిని మామూలు కత్తితో తరగడం కష్టం. అందుకని తిరగేసిన చిత్రిక బిగించిన పెట్టె మీద రుద్ది, కాగితం వంటి పొరలు తీసి చారులో వేస్తారు.

ఆకురాయి నుంచి తురుముపీట

1990 ప్రాంతంలో అమెరికాలోని అర్కన్సా రాష్ట్రంలో గ్రేస్ మాన్యుఫాక్చరింగ్ అనే సంస్థ చెక్కను అరగదీసే కొత్తరకం ఆకురాయిని తయారుచేసింది. ఉక్కు రేకులో కొంత భాగాన్ని రసాయనంతో కరిగించి, చిన్న చిన్న పదునైన అంచులు ఏర్పరచింది. 1994లో కెనడాలోని ఒట్టావా నగరంలో లొరైన్ లీ అనే గృహిణి కమలాపండు కేకు చేస్తున్నది. ఆమె తురుముపీట సరిగా తెగడం లేదు. పనిముట్ల దుకాణం నడిపే ఆమె భర్త ఇంటికి తెచ్చిన ఈ కొత్త ఆకురాయి మీద పండును రుద్ది చూసింది. తొక్క సన్నని తురుముగా రాలింది!

కారణమేమిటి? కమలా, నిమ్మ, దబ్బ వంటి పండ్ల తొక్క పైపొరలో సువాసన నూనె తిత్తులుంటాయి. దాని కింది తెల్లపొర చేదు. మొద్దు తురుముపీట తొక్కను నలిపి, చీల్చి, తెల్లపొరదాకా పోతుంది. పదునైన అంచు పైపొరను మాత్రమే కోస్తుంది. తరువాత ‘మైక్రోప్లేన్’ పేరుతో ఆ పనిముట్టు ప్రపంచమంతటా వంటిళ్ళకు చేరింది.

అయితే నాన్నగారి ఆకురాయి తేవచ్చా?

తేకూడదు! లొరైన్ లీ వాడినది కొత్త పనిముట్టు. వడ్రంగి సంచీలోని ఆకురాయి పళ్ళ సందులలో రంపపు పొట్టు, జిగురు, వార్నిషు, నూనె, తుప్పు ఉంటాయి. వాటిని ఎంత కడిగినా పూర్తిగా వదిలించలేము. తుప్పు పట్టిన గుంటలలో తడి నిలిచి సూక్ష్మజీవులు పెరుగుతాయి. రంగులూ, వార్నిషులూ తినే పదార్థాలు కావు గదా! పైగా వంటకు తగిన లోహం వేరు. మామూలు ఇనుము పులుపుకూ వగరుకూ లొంగిపోతుంది. ఇది మీరే చూడవచ్చు.

తాగడానికి వాడని గాజు గ్లాసులో పాలు కలపని చిక్కని టీ డికాక్షను పోసి, తుప్పు పట్టిన మేకును వేసి రాత్రంతా ఉంచండి. మరునాటికి ద్రవం నల్లబడుతుంది. టీలోని వగరు పదార్థాలైన టానిన్లు ఇనుముతో కలిసి నల్లని సమ్మేళనం ఏర్పడింది. పూర్వం కరక్కాయనూ, ఇనుముండే అన్నభేదినీ కలిపి సిరా చేసినది ఈ చర్యతోనే. తడి తుమ్మచెక్కలో దిగగొట్టిన మేకు చుట్టూ నల్లమచ్చ పడేదీ ఇందువల్లనే. పరీక్ష ముగిశాక ద్రవాన్ని పారబోయండి, రుచి చూడకండి. క్రోమియం కలిసిన స్టెయిన్‌లెస్ ఉక్కు మీద కంటికి కనబడని రక్షణ పొర ఉంటుంది కనుక అది సులభంగా తుప్పు పట్టదు. నేటి వంటింటి కత్తులలో ఎక్కువ భాగం దానితో చేసేది అందుకే.

కనుక వడ్రంగి నుంచి వంటింటికి ఉపాయాన్ని తెచ్చుకోండి, వాడిన పనిముట్టును మాత్రం తేకండి. మీ ఇంట్లోని ప్రతి కత్తినీ, తురుముపీటనూ చూసి మూడు ప్రశ్నలు వేసుకోండి: ఇది కోస్తుందా, గీకుతుందా, కొడుతుందా? ఏ లోహంతో చేశారు? ఇంతకుముందు దేనిని తాకింది? జవాబులు నోటు పుస్తకంలో రాసి, మీ సైన్సు మాస్టారికి చూపించండి.