మీకు తెలుసా? రాంగ్ రూట్‌లో 3 సెకన్లే!
యూటర్న్ కిలోమీటరు దూరంలో ఉందని, పెట్రోల్ బంకు ఎదురుగానే కనిపిస్తోందని హైవే మీద రాంగ్ రూట్‌లోకి బండి తిప్పేస్తుంటారు. ఎదురెదురుగా వచ్చే బండ్ల వేగాలు కలిసిపోతాయి. మీ బైకు గంటకు 40, అటు కారు 80 కిలోమీటర్ల వేగంతో వస్తుంటే మధ్యలోని 100 మీటర్లు కరిగిపోవడానికి 3 సెకన్లు చాలు. అలవాటుగా ఎడమవైపే నడిపితే మరీ ప్రమాదం. అక్కడ మీ ఎడమ పక్కన ఉండేది డివైడర్, అంటే ఎదుటివాళ్లు ఓవర్‌టేక్ చేసే లేన్! రాత్రయితే మీ హెడ్‌లైట్ కనిపించినా, అవతలి రోడ్డు మీది బండే అనుకుంటారు. 2019 సవరణతో మోటారు వాహనాల చట్టం 184వ సెక్షన్‌లో రాంగ్ రూట్‌లో నడపడాన్నీ చేర్చారు. మొదటిసారి దొరికినా ఏడాది వరకు జైలు పడొచ్చు. దయచేసి ఆ కిలోమీటరు వెళ్లి, తిరిగి రండి.