‘తూర్పు గోదావరి’ లెక్క ఏ తూర్పు గోదావరిది? తల్లీబిడ్డల ఆరోగ్య డేటా చదవడం ఇలా

‘జిల్లాలో మాతృ మరణాలు రెట్టింపు’, ‘పెరిగిన సిజేరియన్లు’ లాంటి వార్తలు తరచూ చూస్తుంటాం. డాక్టర్ పోస్టులు, మందులు, అంబులెన్సులు ఎక్కడ ఎక్కువ అవసరమో తేల్చడానికి ఇలాంటి అంకెలే ఆధారం. వాటిని తప్పుగా చదివితే అవసరం ఉన్న ఊరే వెనకబడుతుంది. సరిగ్గా చదవడానికి కోడింగ్ రానక్కర్లేదు. ఒక స్ప్రెడ్‌షీట్, నాలుగు ప్రశ్నలు చాలు.

డేటా ఎక్కడ దొరుకుతుంది?

ప్రధానంగా రెండు చోట్ల. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (ఎన్‌ఎఫ్‌హెచ్‌ఎస్) కొన్ని ఇళ్లను ఎంపిక చేసి వివరాలు సేకరిస్తుంది. దీని ఐదో విడత 2019-21లో జరిగింది. రెండోది హెచ్‌ఎంఐఎస్. పీహెచ్‌సీలు, ఆస్పత్రులు ప్రతి నెలా ఇచ్చే లెక్కలు ఇందులో ఉంటాయి.

1. ఏ జిల్లా?

2022 ఏప్రిల్ 4న రాష్ట్రంలో 13 జిల్లాలు 26 అయ్యాయి. పాత తూర్పు గోదావరి నుంచి కాకినాడ, కోనసీమ విడిపోయాయి. రంపచోడవరం ఏజెన్సీ అప్పుడు అల్లూరి జిల్లాలోకి వెళ్లింది. గోదావరికి పడమట ఉన్న కొవ్వూరు, నిడదవోలు తూర్పు గోదావరిలో చేరాయి. కాబట్టి ఐదో సర్వేలోని ‘తూర్పు గోదావరి’ని ఇప్పటి జిల్లాతో నేరుగా పోల్చకూడదు. ఏజెన్సీ విడిపోవడం వల్లే అంకె మెరుగుపడి ఉండొచ్చు. మండలాల వారీగా కూడి చూస్తేనే అసలు మార్పు తెలుస్తుంది.

2. ఎంతమందిలో?

ఐదో సర్వే ప్రకారం రాష్ట్రంలో 42.4 శాతం కాన్పులు సిజేరియన్లే. విడదీస్తే ప్రభుత్వ ఆస్పత్రుల్లో 26.6 శాతం, ప్రైవేటులో 63 శాతం. సగటు ఒక్కటే చూస్తే ఈ తేడా కనిపించదు. స్ప్రెడ్‌షీట్‌లోని పివట్ టేబుల్‌తో ఇలా విడగొట్టి చూడొచ్చు.

3. సంఖ్య మరీ చిన్నదా?

2018-20లో రాష్ట్రంలో లక్ష సజీవ జననాలకు 45 మాతృ మరణాలు. అంటే 10 వేల కాన్పులకు నాలుగైదు. ఒక ప్రాంతంలో ఓ ఏడాది 3, మరుసటి ఏడాది 6 నమోదైతే ‘రెట్టింపు’ అనిపిస్తుంది, కానీ అది యాదృచ్ఛికమూ కావచ్చు. అందుకే మూడేళ్ల లెక్కలు కలిపి చూస్తారు. అయితే ప్రతి మరణానికీ కారణం విడిగా తెలుసుకోవాల్సిందే.

4. ఎక్కడ నమోదైంది?

పరిస్థితి విషమించిన గర్భిణులను ఏజెన్సీ నుంచి రాజమహేంద్రవరం, కాకినాడ పెద్దాస్పత్రులకు పంపుతారు. అక్కడ ప్రాణం పోతే ఆస్పత్రి లెక్కలో ఆ మరణం పట్టణం ఖాతాలో పడుతుంది. లోపం రక్తహీనతను ఆలస్యంగా గుర్తించడంలోనో, వాహనం సమయానికి రాకపోవడంలోనో ఉండొచ్చు. అందుకే తల్లి సొంత మండలం ఏదన్నది కూడా చూడాలి.

ఎలా మొదలుపెట్టాలి?

పాత ఉభయ గోదావరి జిల్లాల ఎన్‌ఎఫ్‌హెచ్‌ఎస్ ఫ్యాక్ట్‌షీట్లు ఉచితంగా దొరుకుతాయి. గర్భిణుల రక్తహీనత, ఆస్పత్రి కాన్పులు, పిల్లల టీకాలు అనే మూడు వరుసలను గూగుల్ షీట్స్‌లోకి ఎక్కించి పోల్చండి. ఆ తర్వాత జిల్లా పేరుతో వచ్చే ఏ శాతాన్నైనా ఈ నాలుగు ప్రశ్నలు అడిగాకే నమ్మండి.