రాళ్లలో దాగిన గాలి

రాయలసీమను రాళ్లసీమ అని వెక్కిరించేవాళ్లకు ఒక మాట చెప్పాలి. మన ఇళ్లల్లో పరిచిన నాపబండలో ఒకప్పటి గాలి దాగి ఉంది! నమ్మకం లేకపోతే మన కెమిస్ట్రీ లాబొరేటరీకి రండి. కొలిమిగుండ్ల నాపరాయి ముక్కమీద హైడ్రోక్లోరికామ్లం నాలుగు చుక్కలు వేస్తే బుస్సున పొంగుతుంది. ఆ బుడగలే బొగ్గుపులుసు వాయువు. శుద్ధమైన సున్నపురాయి 100 కిలోలు కాలిస్తే అందులో 44 కిలోలు ఈ వాయువుగానే పోతుంది.

ఇంత గాలి రాతిలోకి ఎట్లా దూరింది? తొలిరోజుల్లో అగ్నిపర్వతాలు భూగర్భంలోని వాయువులను బయటికి కక్కాయి. వాననీరు బొగ్గుపులుసు వాయువును కరిగించుకొని, పలుచని ఆమ్లమై, కొండరాళ్లను తిన్నది. అట్లా ఊడిన కాల్షియం సముద్రం చేరి సున్నపురాయిగా పేరుకుంది. కడప, కర్నూలు ప్రాంతాల్లో చాలా భాగం అప్పుడు సముద్రం అడుగే. మన నాపరాయికంటే ఎంతో పాతవైన వేంపల్లె శిలల వయస్సు సుమారు 190 కోట్ల ఏళ్లకు పైమాటే. వాటిలో సూక్ష్మజీవులు పొరలు పొరలుగా కట్టిన అచ్చులు ఇప్పటికీ కనబడతాయి. అదే శిలాశ్రేణి పైవరుసల్లో, పులివెందుల దిక్కున, లావా పారిన జాడలున్నాయి. అంటే భూమి ఊపిరి వదిలిన గుర్తూ, ఆ ఊపిరిని రాతిలో బిగించిన గుర్తూ పక్కపక్కనే ఉన్నాయన్నమాట. బావి తవ్వేటప్పుడు బండ తగిలితే నెత్తిన చేతులు పెట్టుకునే సేద్యగాళ్లం, ఈ సంగతి మనకెవరూ చెప్పలేదు.

అయితే బిగించడమే తప్ప విడవడం లేకపోతే భూమి గడ్డకట్టిపోయేది. సముద్రపు అడుగుపలకలు లోపలికి కుంగి, అక్కడి వేడికి ఆ వాయువు విడివడి, అగ్నిపర్వతాల ద్వారా మళ్లీ పైకి వస్తుంది. ఆ వేడిలో కొంత భూమి పుట్టినప్పటిది, కొంత యురేనియం, థోరియం, పొటాషియం క్షయించడంవల్ల పుట్టేది. తుమ్మలపల్లెలో తవ్వింది ఆ యురేనియమే. (లక్షల ఏళ్లమీద జరిగే ఈ పనిని ఎర్రగుంట్ల సిమెంటు బట్టీలు గంటల్లో చేసేస్తాయి. అది వేరే కథ.)

శుక్రుడు దాదాపు మన భూమి అంతటివాడే. కానీ నీరు పోగొట్టుకున్నాడు, వాయువును రాతిలో బిగించుకోలేకపోయాడు. అందుకే అక్కడి గాలిలో 96 శాతం బొగ్గుపులుసు వాయువే, వేడి 460 డిగ్రీలు. కుజుడు చిన్నవాడు, లోపల త్వరగా చల్లారాడు. అయస్కాంతరక్షణ పోయింది, గాలి చాలావరకు ఎగిరిపోయింది. కాబట్టి ఇతర నక్షత్రాల చుట్టూ తిరిగే గ్రహాల విషయంలో దూరం ఒక్కటే లెక్కేస్తే చాలదని నా అభిప్రాయం. లోపలి పొయ్యి మండుతున్నదా అనీ చూడాలి.

కర్కాటకరాశిలో 41 కాంతి సంవత్సరాల దూరాన '55 కాంక్రి ఇ' అనే రాతిగ్రహం ఉంది. దానికి ఏడాది అంటే సుమారు 18 గంటలే! నక్షత్రానికి అంత దగ్గరగా ఉంటే తొలినాటి గాలి నిలవదు. అయినా 2024లో వెబ్ దూరదర్శినికి అక్కడ వాతావరణం ఉన్నట్టు సూచనలు దొరికాయి. కరిగి సలసల కాగే దాని నేలే ఆ గాలిని ఎప్పటికప్పుడు పుట్టిస్తూ ఉండవచ్చని శాస్త్రజ్ఞుల ఊహ.