నాన్న దాచుకున్న ఊపిరి

మొన్న మాఘమాసంలో మా ఆడపడుచు కూతురి పెళ్లికి రేపల్లె వెళ్లాం. తెనాలిలో ప్యాసింజరెక్కి దారంతా నిలబడే వెళ్లామనుకోండి, అది వేరే కథ. మండపంలో సన్నాయి ఉండాల్సిన చోట శాక్సాఫోన్! డోలు మామూలే. వాయించే ఆయన మొదలెట్టే ముందు రీడ్‌ని నోట్లో పెట్టుకుని తడుపుకున్నాడు. అంతే, నా గొంతుకేదో అడ్డం పడింది. మా నాన్నా అలాగే తడుపుకునేవారు.

మా పుట్టిల్లు బాపట్ల. నాన్న బ్యాండుమేళంలో క్లారినెట్ వాయించేవారు. నేను తెనాలిలో పిన్ని ఇంట్లో ఉండి చదువుకునే రోజుల్లో ఎవరడిగినా 'మా నాన్న వ్యాపారం' అనేదాన్ని. సెలవులకి స్నేహితురాళ్లొస్తున్నారంటే దండెం మీది ఎర్ర బ్యాండు కోటు తీసి లోపల పడేసేదాన్ని. నాన్న చూశారు. ఏమీ అనలేదు. ఆ తర్వాత ఆ కోటు ఎప్పుడూ పెరట్లో గోడవారనే ఆరేది. ఆయన పోయాక వెతికితే ఆయన వాయించింది ఒక్క క్యాసెట్టయినా లేదు. పెళ్లి వీడియోల్లో బ్యాండు వచ్చేచోట సినిమా పాట కలిపేస్తారు కదా!

భోజనాలయ్యాక మేళం ఆయన్ని పలకరిస్తే, "అంతా కద్రి వారి చలవేనమ్మా" అన్నాడు. కద్రి గోపాల్‌నాథ్, 1994లో వచ్చిన 'డ్యూయెట్' సినిమాలో శాక్సాఫోన్ ఆయనదే. సన్నాయి వాయించే ఇంట పుట్టి, మైసూరు ప్యాలెస్ బ్యాండులో ఈ వాయిద్యం విని మనసు పారేసుకున్నారట. మీటలు నొక్కితే పలికే వాయిద్యంలో గమకాలు పలికించడం మాటలా? ఏళ్ల తరబడి సాధన చేశారు. 2019లో పోయారు. శాక్సాఫోన్ సిస్టర్స్‌గా పేరుపడ్డ సుబ్బలక్ష్మి, లావణ్యలను వింటే, ఆడవాళ్లకంత ఊపిరెక్కడిదనే వాళ్లు మళ్లీ నోరెత్తరు.

ఇంటికొచ్చాక మా అబ్బాయి ఫోన్లో 'కిన్స్‌మెన్' అనే జాజ్ ఆల్బమ్ పెట్టాడు. అయినవాళ్లు అని ఆ మాటకర్థం. అమెరికాలో పెరిగిన రుద్రేశ్ మహంతప్ప కద్రితో కలిసి 2008లో తెచ్చాడు. జాజ్‌లో ఒక వరస అందరూ కలిసి వాయించి, ఆపైన ఒక్కొక్కరూ అప్పటికప్పుడు అల్లుకుపోతారు, మన కల్పనస్వరాల్లాగే. నిజం చెప్పొద్దూ, మొదటిసారి ఆ డ్రమ్ములకి తలనొప్పొచ్చింది. రెండోసారి మధ్యలో వయొలిన్ చెవిన పడింది. పేరు చూద్దును కదా, ఎ.కన్యాకుమారి! మన విజయనగరం ఆడపడుచు! ఎం.ఎల్.వసంతకుమారి పక్కన ఏళ్లపాటు వాయించి, 2016 సంవత్సరానికి మద్రాసు మ్యూజిక్ అకాడమీ సంగీత కళానిధి అందుకున్నారు. వయొలిన్ వాయించే ఆడవాళ్లలో ఆ గౌరవం మొదట ఆవిడకే. పదిహేనేళ్లకు పైబడ్డ ఆల్బమ్, నేనడిగిన వాళ్లెవరూ విననేలేదు!

మావాడు విజయ్ అయ్యర్ 'హిస్టారిసిటీ' కూడా పెట్టాడు. పియానో, బాస్, డ్రమ్స్, ముగ్గురే. బాగుంది గానీ, కూర తరుగుతూ వినేది కాదు. ఓ చోట కూర్చోవాలి.

పోయినవారం బాపట్ల వెళ్లి అమ్మ చెవి దగ్గర 'కిన్స్‌మెన్' పెట్టాను. జాజూ గీజూ ఆవిడకెందుకు, కళ్లు మూసుకుని వింది. శాక్సాఫోన్ ఒక స్వరం మీద ఆగిన చోట చటుక్కున కళ్లు తెరిచింది.

"మీ నాన్నయితే ఇక్కడ ఇంకాసేపు ఊపిరి పట్టేవారే" అంది.

"కోటు దాచిన సంగతి నీకు తెలుసా అమ్మా?" అనడిగాను.

"పెరట్లోకి ఇంకో దండెం కట్టింది నేనేగా" అంది, "ముందా పాట మళ్లీ పెట్టు."